పట్టు అన్న మాట

మా నల్లకుక్క ఆ పిల్లను కరవలేదు. ఈ మాట నేను ఆ సాయంత్రమే, ఆ వీధిలోనే, అందరి ముందరా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎవరి మీదో కోపంతో ఇది రాయడం మొదలుపెట్టాను గానీ, ఆ కోపం ఎటు తిప్పినా నా దగ్గరికే వచ్చి కూర్చుంటోంది.

మాది పుదుచ్చేరిలో తట్టాంచావడి ఫ్యాక్టరీల వెనక మిగిలిపోయిన కాస్త నేల. చుట్టూ ఉన్న పొలాలన్నీ ఇళ్ళస్థలాలైపోగా, మధ్యలో మా కొట్టం, పచ్చిగడ్డి వేసుకునే మడి, ఒక బోరు మిగిలాయి. నాలుగు ఆవులు, వాటి దూడలు, కొన్ని మేకలు, రెండు కుక్కలు. మా పెద్దలు ఎన్నో తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. బజారులోనూ బ్యాంకులోనూ పాలు పోసే వాకిళ్ళలోనూ మేం మాట్లాడేది తమిళం. ఇంట్లో తెలుగు. నిజం చెప్పాలంటే ఇంట్లో కూడా పిల్లలు సగం తమిళంలోనే జవాబిస్తారు. మా తెలుగును పూర్తిగా వినిపించుకునేవి కొట్టంలో గొడ్లూ కుక్కలూ మాత్రమే. ఆవును ‘దా’ అంటే వస్తుంది. ‘జరుగు’ అంటే జరుగుతుంది. వాటికి ఇంకో భాష ఉందని తెలియదు.

కుక్కల్లో ఎర్రది ముసలిది. తవుడు బస్తాల మీద పడుకుని, పక్కనుంచి ఎలుక పోయినా తల ఎత్తదు. పనంతా నల్లదానిదే. దానికి పని నేర్పింది నేనే. పాలు పితికే ముందు దూడను తల్లి దగ్గరికి వదలాలి. తల్లి పాలు చేపాక దూడను లాగి కట్టెయ్యాలి. ఆ లాగేటప్పుడే మా పెయ్యదూడ చెయ్యి విదిలించుకుని గేటు దాటి పరిగెత్తేది. కాస్త దూరం పోతే లారీల రోడ్డు. దూడ మెడలోని పలుపు నేలమీద ఈడ్చుకుంటూ పోతుంటే, నల్లది వెనకే పోయి ఆ పలుపు కొస పళ్ళతో అందుకుని, వెనక్కి వాలి కూర్చుంటుంది. దూడ నిలబడిపోతుంది. అందుకు నేను వాడిన మాట ‘పట్టు’. వదలడానికి ‘చాలు’. ‘చాలు’ అనేదాకా ఎవరేం చేసినా వదలదు. మా ఆవిడ పాత చీర పేలికను నేలమీద ఈడ్చి ఈడ్చి, ఒక వానాకాలమంతా కూర్చుని నేర్పాను. వీధిలో వాళ్ళు చూడ్డానికి నిలబడితే గర్వంగా ఉండేది.

మా వీధి మలుపులో ఒక పెద్దావిడ ఉంది. కూతురు, అల్లుడు ఉద్యోగాలకు పోతే మనవరాలిని ఆమే చూసుకుంటుంది. ఆ పిల్ల ఇంకా బడికి పోయే వయసు కాదు. తమిళంలో ముద్దుపిల్లలను ‘పట్టు’ అని పిలుస్తారు. పట్టుబట్టలాంటి పిల్ల అని. ‘పట్టు, వా’ అంటే పట్టూ, రామ్మా అని. నేను పొద్దున పాలు పోస్తుంటే లోపల్నుంచి ఆ పిలుపు వినబడుతూనే ఉండేది. నల్లది నా బండి వెనక వచ్చిన రోజుల్లో ఆ పిలుపుకి చెవులు నిక్కించేది. నా మొహం చూసేది. నేనేమీ అనకపోతే చెవులు దించేది. నాకు నవ్వొచ్చేది. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబితే మా ఆవిడ నవ్వలేదు.

“ఆ మాట మార్చండి,” అంది.

“అంత కష్టపడి నేర్పిందాన్ని యాడ మార్చేది?”

“ఎప్పుడో ఒకనాడు అది మీ మొహం చూడదు. అప్పుడేంది?”

“నేను పక్కన లేకుండా బయటికి పోదులే,” అన్నాను.

ఆ సాయంత్రం పెయ్యదూడ గేటు దాటింది. నేను కొట్టంలోంచే ‘పట్టు’ అని అరిచాను. నల్లది బాణంలా పోయింది. దూడ లారీల రోడ్డు వైపు కాకుండా వీధిలోకి తిరిగింది. అది పరిగెత్తుకు రావడం చూసి పెద్దావిడ తన గేటు దగ్గర్నుంచి, వీధిలో ఉన్న మనవరాలిని లోపలికి పిలిచింది. ‘పట్టు, ఉళ్ళే వా’ అని. ఆ పిల్ల ఆ రోజు నేలకు జీరాడే పావడ కట్టుకుని ఉంది. పరిగెత్తింది. నల్లదానికి ఒకవైపు దూడ, ఒకవైపు మాట. మాట వచ్చినవైపే, నేలమీద ఈడ్చుకుపోతున్న గుడ్డ కనబడింది. దాన్ని అందుకుని, నేను నేర్పినట్టే, వెనక్కి వాలి కూర్చుంది.

పిల్ల ముందుకు పడింది. పడింది రోడ్డు మీద పోసి ఉన్న కంకర కుప్ప మీద. పెద్దావిడ భయంతో ‘పట్టు, పట్టు’ అని అరుస్తూ వస్తోంది. ఆమె అరిచిన ప్రతిసారీ కుక్క ఇంకాస్త వెనక్కి వాలింది. ఎవరో చెప్పు విసిరారు. ఇంకెవరో నీళ్ళు కొట్టారు. అది కళ్ళు మూసుకుని కూర్చుంది గానీ వదల్లేదు.

నేను రొప్పుతూ వచ్చి ‘చాలు’ అన్నాను. వెంటనే వదిలేసి, తోక ఊపుతూ నా మొహం చూసింది. పని బాగా చేసిన రోజు చూసే చూపే అది.

అప్పటికే జనం చేరారు. “కరిచేసింది,” అన్నారొకరు. పిల్ల మోకాలి మీద రక్తం ఉంది. పళ్ళ గాటు ఎక్కడా లేదని నాకు కనబడుతూనే ఉంది. పావడ అంచు చిరిగింది, అంతే. నేను ఆ మాట అనలేదు. పక్కన కడుతున్న ఇంటి దగ్గర పడి ఉన్న సరుగుడు కర్ర తీసుకుని కుక్కను కొట్టాను. వాళ్ళందరూ చూడాలని కొట్టాను. అది పారిపోలేదు. నేలకు కరుచుకుపోయి నావైపే చూస్తూ ఉంది. చివరికి జనంలోంచి ఎవరో ‘పోదుం, పోదుం’ అన్నారు. అంటే చాలని. వాళ్ళు ఆ మాట అనేదాకా నేనూ వదల్లేదు.

దూడ సంగతి ఎవరికీ గుర్తులేదు. అది ఎవరింటి ముందో మందారం ఆకులు తింటూ నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే మా నగర్ సంఘం కార్యదర్శి వచ్చాడు. ఇక్కడి నుంచి వాళ్ళ మాటలు తెలుగులో రాస్తున్నాను గానీ, మాట్లాడింది తమిళమే.

“ఆదివారంలోగా కుక్క వెళ్ళిపోవాలి,” అన్నాడు. “తర్వాత ఆవుల సంగతి చూద్దాం. వాసన, దోమలు. ఇది ఇప్పుడు ఊరు గాని పొలం కాదు గదా.”

“సరే సార్,” అన్నాను.

ఆ ‘సార్’ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈయన గృహప్రవేశానికి మా ఆవునూ దూడనూ తీసుకుపోయింది నేనే. గిట్టలకు పసుపు రాసి, మెడలో దండ వేసి, కొత్త రాళ్ళ నేల మీద నడిపించారు. ఆవు హాలు మధ్యలో పేడ వేసింది. శుభం అన్నారు. అందరూ దణ్ణం పెట్టుకున్నారు. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వస్తే ముగ్గులో పెట్టి గుమ్మడిపువ్వు గుచ్చడానికి పేడముద్ద కోసం ఈ ఇళ్ళ ఆడవాళ్ళందరూ తెల్లవారకముందే మా గేటు దగ్గర ఉంటారు. అప్పుడు వాసన లేదు. పిల్లలకు ప్యాకెట్ పాలు పడవని మా దగ్గర పోయించుకుంటారు, మరీ పల్చగా ఉన్నాయని రోజూ సణుగుతారు. వాళ్ళకు పాలు కావాలి, పేడ కావాలి, పండగనాడు ఆవు కావాలి. మిగిలిన రోజుల్లో ఆవు ఇంకెక్కడైనా ఉండాలి. పిల్ల పడ్డ ఆ కంకర కుప్ప కూడా ఈ కార్యదర్శిదే. మేడ మీద గది వేయిస్తున్నానని రోడ్డుకు సగం దాకా పోయించి, అలాగే వదిలేశాడు. దాన్ని ఎవరూ సంఘంలో మాట్లాడలేదు.

ఇంత కోపమూ ఆయన ముందు ‘సరే సార్’ అయింది. ఆయన అటు పోగానే నేను ఒక గూడ్స్ ఆటో మాట్లాడుకున్నాను. కుక్కను సోలై నగర్ వైపు సముద్రపు ఒడ్డున వదిలేద్దామని. పడవల దగ్గర చేపముక్కలు దొరుకుతాయి, బతికేస్తుంది అనుకున్నాను. మా ఆవిడకు అదే చెప్పాను.

ఆమె ఆవుకు దాణా కలుపుతోంది. చెయ్యి ఆపలేదు. “మజ్జిగన్నం తప్ప తినదది. చేపలు తింటుందా?”

“ఆకలేస్తే తింటుంది.”

“దానికి తెలుగు తప్ప రాదే. ఆడ ఏదన్నా పట్టుకుంటే, చాలని దానికి ఎవరు చెప్తారు?”

నల్లది కొట్టం మూల పడుకుని ఉంది. నేను వెళ్ళిన ప్రతిసారీ లేచి, గోడకు ఇంకాస్త దగ్గరగా జరుగుతోంది. దాని వెన్ను మీద వాపు ఉంది.

“చెప్పాల్సింది ఆటోవాడికి కాదు,” అంది మా ఆవిడ. “ఆ పెద్దావిడకు. పోండి.”

పోయాను. పెద్దావిడ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. పిల్ల మోకాలికి కట్టుతో వెనక నుంచి తొంగి చూస్తోంది. నేను మాది తెలుగనీ, తెలుగులో ‘పట్టు’ అంటే ఏమిటో, కుక్కకు ఏం నేర్పానో చెప్పాను.

ఆమె నెమ్మదిగా అడిగింది. “మా పిల్లను పిలవడం నీ కుక్కకు ఆర్డరా, పాలాయనా?”

“అవునమ్మా.”

“రోజూ ఈ వాకిట్లోనే నిలబడి విన్నావు గదా.”

“విన్నాను.”

“విని ఊరకున్నావు.”

“ఊరకున్నానమ్మా. నవ్వుకున్నాను కూడా.”

“అంటే నా మనవరాలి మీదికి కుక్కను నేనే ఉసిగొలిపాను. నా నోటితోనే. నువ్వు నా చేత ఆ పని చేయించావు.” ఆమె వీధిలోకి చెయ్యి చూపించింది. “మరి ఆ కర్ర తీసుకున్నప్పుడు నీకు తెలుసా, అది చెప్పిన పనే చేసిందని?”

“తెలుసమ్మా.”

“రేపటి నుంచి పాలు వద్దు,” అని ఆమె లోపలికి తిరిగింది. పిల్ల మాత్రం కదలకుండా నన్నే చూస్తూ, “నాయి మనిషిలాగ కూర్చుంది,” అంది. నాయి అంటే కుక్క. పిల్ల గొంతులో భయం లేదు.

ఆదివారం కార్యదర్శి ఇంటి ముందు కుర్చీలు వేశారు. నేను నిలబడ్డాను. కుక్క కరవలేదనీ, ఆ మాట నేర్పింది నేననీ, కొట్టడం నా తప్పనీ చెప్పాను. వినేసరికి కొందరు నవ్వారు. “కుక్కకు తెలుగా? అయితే దాన్ని తమిళ ట్యూషన్‌కి పంపించండి,” అన్నారొకరు. కార్యదర్శి నవ్వు ఆపుకుంటూ, “కారణాలు సరే, కుక్క ఎప్పుడు వెళ్తుంది?” అన్నాడు.

అప్పుడు పెద్దావిడ వచ్చింది. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

“కుక్కకంటే ముందు నీ జల్లి వెళ్ళాలి,” అంది, కంకర కుప్పను చూపిస్తూ. “మా పిల్ల మోకాలు చీరింది అది. డాక్టరు రాయి ముక్కలు ఏరాడు. పంటిగాటు ఒక్కటీ దొరకలేదు.”

“మీ మంచికే చెప్తున్నాం, పాట్టి,” అన్నాడు కార్యదర్శి. పాట్టి అంటే అవ్వ.

“నా మంచి నేను చూసుకుంటా. ఆవుల వాసన అంటున్నావంట. నీ హాల్లో పేడ వేసినప్పుడు నువ్వు ముక్కు మూసుకోలేదే. నేను పక్కనే ఉన్నాను. తల మీద చల్లుకుంటావేమో అనుకున్నా.”

ఈసారి నవ్వు అటు తిరిగింది. కార్యదర్శి కుక్క సంగతి వదిలేసి, కుర్చీలు ఎత్తించే పనిలో పడ్డాడు. పెద్దావిడ పోతూ పోతూ నా దగ్గర ఆగింది. “నీ కోసం రాలేదు,” అంది. “ఆ మూగదాని కోసం వచ్చాను. మాట మార్చు.”

మార్చాం. తమిళంలో పట్టుకో అనడానికి ‘పిడి’ అంటారు. ఈ చుట్టుపక్కల పిల్లలెవరికీ ఆ ముద్దుపేరు లేదని మా ఆవిడ విచారించుకుని వచ్చింది. మళ్ళీ అదే చీర పేలిక, అదే ఈడ్పు. ఇన్ని తరాలుగా ఈ నేల మీద ఉండి, చివరికి మా కొట్టంలో మిగిలిన తెలుగు మాటను కూడా మేమే తీసేసుకోవాలా అని నేను గొణిగాను. “రెండు మాటలు నేర్చుకుంటున్నది అది,” అంది మా ఆవిడ. “మీకేంది కష్టం?”

ఆమె ‘పిడి’ అంటే నల్లది పోయి పలుపు పట్టుకుంటుంది. నేనంటే పోదు. నా గొంతులో ఏ భాషలో ఏ మాట వచ్చినా ముందు నా చేతిలో ఏముందో చూస్తుంది. పెద్దావిడ ఇంట్లో ఇంకా ప్యాకెట్ పాలే. ఆ వాకిలి ముందు నేను బండి ఆపకుండా పోతాను. కంకర కుప్ప కూడా అక్కడే ఉంది, మీద గడ్డి మొలిచింది.

మొన్న మా ఆవిడ కోసపాళయం పోయిన పూట పెయ్యదూడ మళ్ళీ చెయ్యి విదిలించుకుంది. అలవాటు కొద్దీ నా నోటి నుంచి ‘పట్టు’ అని వచ్చేసింది. నల్లది లేచి, ఒక అడుగు వేసి, వెంటనే నేలకు కరుచుకుని పడుకుంది. దెబ్బ కోసం వీపు బిగించుకుంది. నేను ‘పిడి’ అనలేదు. ఇంకేమీ అనలేదు. గేటు దాటి దూడ వెనక నేనే పరిగెత్తాను. లారీల రోడ్డుకు కాస్త ముందు పలుపు అందింది. లారీ డ్రైవరు ఒకతను తల బయటపెట్టి, “కుక్కనన్నా పెంచుకోవయ్యా,” అని పోయాడు. పలుపు ఒరిసి నా చేతి తోలు లేచిపోయింది. దూడను నడిపించుకుంటూ తిరిగి వచ్చేసరికి నల్లది గేటు దగ్గర కూర్చుని, పలుపు పట్టుకున్న నా చేతినే చూస్తోంది.