ఇంటికి తెచ్చిన పార్సిల్

మా ఆయన పోస్ట్‌మ్యాన్. మేముండేది అల్వాల్‌లో, ఆయన తిరిగేది సైనిక్‌పురిలో. తాళం వేసి ఊళ్లకు వెళ్లేవాళ్లు "మా తపాలా జెర నీ దగ్గర పెట్టుకో అన్నా" అంటే చాలు, ఈయన కరిగిపోతాడు. ఆ మంచితనం మీద నాకెప్పుడూ మంటే.

కొన్నేళ్ల కిందట ఓ ఆదివారం, పెద్ద గిన్నె కోసం వంటింటి అటక ఎక్కితే దుప్పటి కింద పార్సిల్ కనిపించింది. తపాలా ముద్రలున్నాయి. చిరునామా మాది కాదు. దాన్ని కిందికి దించాను.

ఆ వారమే ఇంకో పోస్టాఫీసులో ఒకతను పార్సిళ్లు విప్పి సామాను తీసుకుంటూ దొరికాడు. పోలీసులు పట్టుకుపోయారు. తపాలా శాఖ ఇన్‌స్పెక్టర్ మా ఆయన ఆఫీసుకు వచ్చి, తపాలా దొంగిలించినా, దాచిపెట్టినా ఏడేళ్ల దాకా జైలేనని అందరికీ చెప్పి వెళ్లాడు. ఆ ముచ్చట అన్నం తింటూ నాకు చెప్పింది మా ఆయనే.

"ఏందిది?" అన్నాను.

"ఒక మేడమ్‌ది. ఊరికి పోయింది. ఆఫీసుల ఉంచితే వారమైనంక వాపస్ పంపుతరు. వచ్చేదాంక ఉంచమన్నది."

"అటక మీదెందుకు?"

"పిల్లలు గుంజుతరని."

"మరి ఆఫీసుల ఏం రాసినవ్?"

"ఇచ్చేసిన్నని రాసిన."

ఆయన చెప్పేది నిజమని నాకు తెలుసు. కానీ ఇచ్చానని రాసి ఇంట్లో దాచినవాణ్ని ఎవరు నమ్ముతారు? మేడమ్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆ రోజంతా వాకిట్లో బండి ఆగితే చాలు, పోలీసులేమోనని లేచి చూశాను. ఆయన్ని తిట్టాను, ఏడ్చాను, మళ్లీ తిట్టాను.

జరిగింది మనమే చెప్పేద్దామని సోమవారం ఆయనతో పాటు నేనూ ఆఫీసుకు వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ అక్కడే ఉన్నాడు. మా ఆయన పార్సిల్ బల్ల మీద పెట్టి అంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా విప్పినట్టు లేదు. మా ముందే మేడమ్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"అవునండీ, ఉంచమని నేనే బతిమాలాను. అతను వద్దనే అన్నాడు. పొద్దున్నే ఊరి నుంచి వచ్చాను, పంపించండి."

నాకు ఊపిరొచ్చింది.

"తప్పు రాసినందుకు మెమో ఇస్తా. ఆమె నేను ఉంచమనలేదని అంటే ఇయ్యాల నువ్వు జైలుకే పోతుంటివి, తెలుసా?" అని ఇన్‌స్పెక్టర్ పార్సిల్‌ను మా ఆయన వైపు జరిపాడు. "తీస్కపోయి ఇచ్చి రా."

మా ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకొద్దు సార్. ఇంకెవరితోనన్న పంపుండ్రి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన తపాలా ముట్టడానికి భయపడటం నేను చూసింది అదే మొదటిసారి.