చెంచులే ఎవరి సొమ్ము

అమెరికా ఏలుబడిలోని ద్వీపాల్లో ఉన్న వికలాంగులకూ నెలనెలా ఫెడరల్ భృతి ఇవ్వాలని ఒక బిల్లు వచ్చింది. దానికయ్యే ఖర్చు లెక్కకట్టే పని వాషింగ్టన్‌లో బెర్నడీటా మఫ్నాస్ బల్ల మీదికి చేరింది. ఆమెది ఆ ద్వీపాల్లో ఒకటైన గువామ్. అంకె చిన్నదైతే బిల్లు నెగ్గుతుంది. పెద్దదైతే మూలన పడుతుంది.

పాత సర్వేలో అక్కడి కుటుంబాల ఆదాయం బాగానే కనబడింది. ఆదాయమున్న ఇంటికి భృతి తక్కువ, కాబట్టి ఖర్చూ తక్కువే. కానీ చావుకో పెళ్ళికో పదిమందీ తెచ్చి చేతిలో పెట్టే, గువామ్‌లో చెంచులే అనే చదివింపుల డబ్బు కూడా ఆ ఆదాయంలో కలిసిపోయి ఉంది.

సాయంత్రం మేనత్తకు ఫోన్ చేసింది. గువామ్‌లో అప్పటికి తెల్లారింది.

"అత్తా, మామయ్య పోయినప్పుడు వచ్చిన చెంచులే నీ డబ్బేనా?"

"నాదెట్లా అవుద్దే? వాళ్ళిళ్ళల్లో ఎవరన్నా పోతే నేను పట్టుకెళ్ళొద్దూ? అంత చదివి అడిగేది ఇదా?"

"అది ఆదాయం కాదంటే ఖర్చు పెరుగుద్ది. బిల్లు పోవచ్చు. మీ పక్కింటి విసెంటె ఆ భృతి కోసమే చూస్తున్నాడుగా."



"చూస్తున్నాడు. కానీ నువ్వే దాన్ని రాబడి అంటే, రేపు భృతి ఇచ్చేవాళ్ళూ వాడికొచ్చే చెంచులేని రాబడే అని కోత పెడతారు. బిల్లు నెగ్గినా వాడి చేతికొచ్చేదేంటి?"

బెర్నడీటా చెంచులేని ఆదాయంలోంచి తీసేసింది. అంకె పెరిగింది. ఎందుకు పెరిగిందో కింద రెండు వాక్యాల్లో రాసి పై అధికారికి పంపింది. విసెంటె పేరు అందులో ఎక్కడా లేదు.