తొక్కు డబ్బా

ఇచ్చోడ దగ్గర బస్సు కిటికీలోంచి తొక్కు డబ్బా విసిరేశానని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాను.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. నాకు చక్కెర జబ్బుతో పాటు రక్తపోటు కూడా ఉందనీ, ఉప్పు తగ్గించమనీ డాక్టరు చెప్పాడు. నేను మాత్రం తీపి మానేసిన లోటు మామిడికాయ తొక్కుతో తీర్చుకునేవాణ్ణి. ఆ రోజు కూడా, తీపి ముట్టనని పక్క సీటు ముసలి దంపతులకు గొప్పలు చెబుతూ జొన్నరొట్టె మీద తొక్కు దట్టంగా రాస్తున్నాను. ముసలాయన ఎడమచెయ్యి నా డబ్బా వైపు మెల్లగా సాగింది. కుడిచెయ్యి చచ్చుబడి ఒళ్లో ఉంది.

ఆమె ఆ ఎడమచేతి మీద ఒక్కటిచ్చింది.

"గీయన గూడ నీ లెక్కనే అన్నా! చక్కెర బంద్ చేసిండు, తొక్కు బంద్ చెయ్యలే. రక్తపోటెక్కి గీ చెయ్యి పడిపోయింది. అయినా సిగ్గు రాలే!"

ముసలాయన వంకరపోయిన మూతితోనే నవ్వి నాకు కన్నుకొట్టాడు. ఆమె కూడా నవ్వుతూ రొట్టె తుంచి, పప్పులో అద్ది ఆయన నోట్లో పెట్టింది.

నిజానికి నేను డబ్బా విసరలేదు. మూతపెట్టి సంచిలో దాచుకున్నాను. ఇప్పటికీ మా ఆవిడ ఎక్కడ దాచినా తొక్కు వెతికి పట్టుకుంటాను. పట్టుకున్నాక కుడిచేతి పిడికిలి ఒకసారి బిగించి చూసుకుని, మళ్లీ మూత పెట్టేస్తాను.

ప్రతిసారీ కాదులెండి.