తేల్చండి మేడమ్

ఆ హోటలు కడుతున్న చోట అందరూ ఆవిడను తేల్చండి మేడమ్ అనే పిలుస్తారు. పై అంతస్తుల డ్రాయింగులు పూర్తికాకముందే కింద పునాదులు వేసేసే హడావుడి పని అది. ఏ రోజుకు ఏ డ్రాయింగు కావాలో చూసుకుని, గీసేవాళ్ల వెంటపడి రాబట్టడం ఆవిడ ఉద్యోగం. ముడిలో పెన్సిలు, చంకలో కాగితాల చుట్ట, కాళ్లకు బురద బూట్లు. కుర్చీ అంచున కూర్చుని, "ఏదో ఒకటి తేల్చండి సార్, కాంక్రీటు బండి మన కోసం ఆగదు" అంటుంది. అరవదు, అలగదు. తేలేదాకా కదలదు, అంతే. ఇంట్లోనూ అదే వరస. "పొయ్యి వెలిగించేసి, అప్పుడు ఏం వండాలని అడిగేది మా ఆవిడే" అని భర్త నవ్వుతుంటాడు.

మొన్న వంటగది గొట్టాలు తూర్పునా పడమరా అని ఆర్కిటెక్టు వారమంతా ఊగిసలాడాడు. ఆవిడ ఇక ఆగలేదు. తర్వాత గొట్టాలు దింపుకోవడానికి ఖాళీ ఉండేలా రెండువైపులా చెక్కపెట్టెలు పెట్టించి, శ్లాబు పోయించేసింది. మర్నాడు ఆర్కిటెక్టు వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"తేల్చేశానండీ! అటూ కాదు, ఇటూ కాదు, నడిమధ్యన!"

పక్కనే ఉన్న హోటలు ఓనరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అంటే ఇప్పుడు పగలగొట్టాలా?"

మేస్త్రీ మాత్రం తలపాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఆవిడ వెళ్లి శ్లాబు మధ్యలో కప్పిన గోనెపట్టా తీసింది. అక్కడా ఒక పెట్టె!

"మధ్యలోనూ ఖాళీ వదలడానికి సైటు ఇంజినీరుగారిని ముందే ఒప్పించాను. మిమ్మల్ని ఇవాళేమన్నా కొత్తగా చూస్తున్నానా సార్?"

ఆర్కిటెక్టు చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి తనూ పకపకా నవ్వేశాడు. ఆ నవ్వు ఆగకముందే ఆవిడ ముడిలోంచి పెన్సిలు లాగింది.

"సరే, వంటగది తలుపు ఎటు తెరుచుకోవాలో అదీ తేల్చండి."