రాయించుకోని దారి

గంగాధరప్పకు చేను ఉంది, చేనుకు నీళ్ళున్నాయి, చేన్లో మల్బరీ తోట కంటికి నిండుగా ఉంది. లేనిది ఒక్క దారే. లేదంటే మొదటి నుంచీ లేదని కాదు. వాళ్ళ తాత కాలం నుంచీ ఉంది. ఉన్నదాన్ని ఉన్నదని రాయించుకోలేదు, అంతే. ఆ ఒక్క మాటకు మనిషి పడిన అగచాట్లు తలుచుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే రోడ్డు మీద బస్సు దిగి, లోపలికి కొంత దూరం నడిస్తే వచ్చే ఊరు వాళ్ళది. గంగాధరప్ప చేను ఊరికి పైన, గుట్ట కింద. వెనక గుట్ట. కుడి పక్క లోతైన వంక, వానొస్తే పారే వాగు. ఎడమ పక్క ఎవరో బయటి ఊరాయన ఏనాడో కంచె వేసుకున్న మామిడి తోట. ఇక ఊరి వైపు మిగిలింది నరసింహులు చేను. దాని గట్టు వెంబడే గంగాధరప్ప బండి పోవాలి, రావాలి.

ఆ పక్క చేలకు దారులు ఇట్లాగే ఉంటాయి. పటంలో వెతికితే కనపడవు. ముందు చేను రైతు విత్తనం వేసేటప్పుడు గట్టు పక్కన బండి పట్టేంత నేల వదిలేస్తాడు, వెనక చేను రైతు దాని మీద నడుస్తాడు. అడిగేదీ లేదు, ఇచ్చేదీ లేదు. నరసింహులు ఏటా వేరుశనగ విత్తేటప్పుడు ఆ చోటికి రాగానే విత్తే గొర్రు ఎత్తి పట్టుకునేవాడు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. డ్రైవరు కొత్తవాడైతే నరసింహులు పంచె ఎగగట్టి ట్రాక్టరుకు అడ్డంగా పరిగెత్తేవాడు.

"నిలప్పా, నిలుపు! ఇంకా యాడికి పోతాండావు? ఈడ మా బావ బండి పోతాది."

బావ అంటే నిజంగా బావేమీ కాదు. ఊరి వరస. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు, ఒకే బడిలో దెబ్బలు తిన్నవాళ్ళు. వేరుశనగ వరసగా దెబ్బ కొట్టిన ఏళ్ళలో గంగాధరప్ప ఆ పంట మానేసి, బోరు వేసి మల్బరీ పెట్టాడు. ఊళ్ళో ఇంటి పక్కన షెడ్డు కట్టి పట్టుపురుగులు పెంచి, గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోయేవాడు. ఆ చేనే వాళ్ళ తిండి, ఆ చేనే వాళ్ళ పరువు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాటర్‌షెడ్డు పనులు జరిగిన రోజుల్లో ఊరి సంఘానికి గంగాధరప్పే పెద్ద. రాతి కట్టలు ఎక్కడ వేయాలి, వంకకు అడ్డుకట్ట ఎక్కడ కట్టాలి అని ఊరంతా కొట్టుకుంటుంటే, ఇంటింటికీ తిరిగి ఒప్పించింది ఆయనే. "నువ్వు ఇంత వదులప్పా, వాడు అంత వదుల్తాడు" అని బతిమాలి, తిట్టి, నవ్వించి పనులు చేయించాడు. దారుల సంగతీ అప్పుడే వచ్చింది. కాగితం మీద పెట్టుకుందామని లక్ష్మక్క అనే ఒక రైతు అంటే ఈయన ఎగతాళి చేశాడు.

"దారి రాపిచ్చుకునేది ఏంటికి లక్ష్మక్కా? రేపు నీ మొగుడు నీ మొగుడేనని కూడా రాపిచ్చుకుంటావా?"

ఊరంతా పగలబడి నవ్వింది. లక్ష్మక్క కూడా నవ్వింది. ఎవరూ రాయించుకోలేదు. మాట మీద బతుకుతున్నామని ఆ ఊరికి అదొక గర్వం.

కొన్నేళ్ళకు భూముల రీసర్వే వచ్చింది. ఆ ఊరికి వచ్చిన సర్వేయరు దుర్గాప్రసాద్‌ది ధర్మవరం. మంచివాడు. ఎండలో మిషన్ మోసుకుంటూ గట్టు గట్టూ తిరిగాడు. నరసింహులు చేను దగ్గర ఆగి, చక్రాల గాడి పడిన నేల చూశాడు.

"ఈడ దారి ఉన్నట్టుందే, పెద్దాయనా. ఇద్దరూ సరేనంటే రాసుకుంటా. మళ్ళీ ఇట్లాంటి అవకాశం రాదు."

గంగాధరప్ప పక్కన ఆయన భార్య దాసమ్మ ఉంది. మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "రాపిచ్చుకోయ్యా. పోయేదేముండాది?"

గంగాధరప్పకు అది అవమానంగా తోచింది. ఏటా నేల వదిలిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఆయన ముందరే కాగితం అడగడమా? నువ్వు రేపు మాట తప్పుతావు అని మొహం మీద చెప్పినట్టు కాదూ?

"నువ్వు గమ్మునుండుమ్మే," అని భార్యను కసిరాడు. సర్వేయరు వైపు తిరిగి, "దారీ లేదు గీరీ లేదు సారూ. ఇది మా బావ చేను. నేను పోతాను, వస్తాను. మా ఇద్దరి మధ్యన కాగితం ఏంటికి? రాసుకోవద్దు," అన్నాడు.

నరసింహులు ఏదో అనబోయి ఆగిపోయాడు. తర్వాత గంగాధరప్ప భుజం మీద చెయ్యి వేశాడు. దుర్గాప్రసాద్ మళ్ళీ ఒకసారి అడిగి, తల ఊపి ముందుకు పోయాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే సద్దిమూట విప్పుకుని రాగిముద్ద తిన్నారు. అంత గర్వంగా అన్నం తిన్న రోజు తన బతుకులో లేదని గంగాధరప్ప అప్పట్లో చెప్పుకునేవాడు.

తర్వాతి ఏళ్ళలో నరసింహులు బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. దానికి తోడు భార్యకు కిడ్నీల జబ్బు పట్టుకుంది. వారం వారం ఆసుపత్రికి తిప్పాలంటే ఊళ్ళో ఉండి కుదరదు. చేను అమ్మి హిందూపురంలో కూతురి ఇంటి పక్కనే ఇల్లు తీసుకున్నాడు. దాన్ని తప్పనే నోరు ఎవరికుంది? కొన్నది బెంగళూరు వాళ్ళకు ఫామ్‌హౌస్ ప్లాట్లు వేసి అమ్మే ఒక కంపెనీ. దాని మేనేజరు శరత్ నవ్వుమొహం మనిషి. రిజిస్ట్రేషన్ నాడు నరసింహులు అతని చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

"గట్టు పక్క మా బావ దారి ఉండాది సామీ. దాన్ని మాత్రం ముట్టుకోవద్దండి."

"అయ్యో, తప్పకుండా అంకుల్," అన్నాడు శరత్.

ఆ మాట ఇచ్చినప్పుడు అతను అబద్ధం చెప్పాడని అనలేం. నవ్వుతూ సరేననడం అతని ఉద్యోగం. కంచె ఎక్కడ వేయాలో పటం చెబుతుంది, పటంలో దారి లేదు.

కంచె పడిన పొద్దున గంగాధరప్ప షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఉన్నాయి. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని జ్వరం అంటారు. నాలుగోది అయ్యాక లేచిన పురుగుకు వచ్చే ఆకలి అంతా ఇంతా కాదు. పూట పూటకూ తాజా ఆకు పడాల్సిందే. ఆయన బండి కట్టుకుని వెళ్ళేసరికి గట్టుకు అడ్డంగా రాతి స్తంభాలు, వాటికి బిగించిన ముళ్ళకంచె. ఎద్దులు అలవాటు చొప్పున కంచె దాకా పోయి నిలబడిపోయాయి. గంగాధరప్పకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. తప్పు చేలోకి వచ్చానా అని చుట్టూ చూశాడట పాపం.

మొగుడూ పెళ్ళాం వంకలో దిగి, రాళ్ళు పట్టుకుని అవతలికెక్కి చేను చేరారు. కొమ్మలు కోసి మోపులు కట్టి తల మీద మోసుకుంటూ మళ్ళీ ఆ వంక మీదుగానే వచ్చారు. షెడ్డుకు చేరేసరికి ఎండకు ఆకు వాడిపోయేది. ఒక మోపు వేసి ఇంకో మోపుకు పోయేలోపల పురుగులు తట్టల్లో తలలెత్తి వెతుక్కునేవి. వాడిన ఆకు తిన్న పురుగు మెత్తబడింది, నల్లబడింది. గూడు కట్టకముందే పంట పోయింది. చచ్చిన పురుగులను గుంట తీసి పూడ్చేటప్పుడు దాసమ్మ మొగుణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని గంగాధరప్పకు అనిపించింది.

గంగాధరప్ప పెనుకొండలో రెవెన్యూ ఆఫీసుకు పోయాడు. కబురు పెట్టకపోయినా నరసింహులు హిందూపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. అధికారి ముందు నిలబడి, "దారి ఉన్నింది సార్. నా చేతులతో వదిల్నా," అని చెప్పాడు. అధికారి ఓపిగ్గా విన్నాడు. తర్వాత గంగాధరప్పను అడిగాడు.

"మరి సర్వే నాడు దారి లేదని చెప్పారంట కదా?"

లేదు సార్, నేనట్లా అనలేదు అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అధికారి పిలిపించిన శరత్ పక్కన ఫోను చూసుకుంటున్నాడు. గంగాధరప్ప తల దించుకున్నాడు.

"చెప్తి సార్. నేనే వద్దంటి."

అధికారి నిట్టూర్చాడు. ఇక కోర్టుకు పోవాలి, పోతే హక్కు తేలవచ్చు, ఎప్పటికి తేలుతుందో చెప్పలేను అన్నాడు. ఏళ్ళ తరబడి ఆగడానికి అది బీడు కాదు, మల్బరీ తోట.

బయటికి వచ్చాక చింతచెట్టు నీడలో ఇద్దరూ కూర్చున్నారు. నరసింహులు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు రాసుకోమని చెప్పల్లని నాకు నోటిదాకా వచ్చె బావా. నువ్వు అంత పెద్ద మాట అన్యాక, కాదు రాయమంటే నీ నమ్మకాన్ని నేనే కొట్టేసినట్టు ఉంటాదని గమ్మునైతి."

ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఇంత మర్యాద ఎవణ్ణి ఉద్ధరించింది? ఆ మర్యాదకు నిప్పు పెట్టాలనిపిస్తుంది.

సంగతి ఊళ్ళోకి పాకింది. ముందు చేను వాళ్ళు కొనేవాళ్ళ కోసం చూడసాగారు. వెనక చేను వాళ్ళు దారుల కోసం ఎగబడ్డారు. నాకు దారి రాసివ్వు అని ఒకడు, రాసిస్తే నా చేను ధర పడిపోతుందని ఇంకొకడు. కలిసి రాతి కట్టలు మోసిన ఊరు గట్ల మీద కొట్టుకుంది. గొర్రు ఎత్తిన చోట ఆ ఏడు పంతానికి కంది విత్తిన వాళ్ళున్నారు. లక్ష్మక్క గంగాధరప్ప గడపలోకే వచ్చింది.

"అప్పుడు నవ్విస్తివే, ఇప్పుడు నవ్వించప్పా! మా మరిది దారికి ముళ్ళకంప కొట్టినాడు. యాడికి పోవల్ల మేము?"

ఊరినంతా ఒప్పించిన మనిషి కొడవలి తీసుకుని ఆమె పక్క నుంచే వంక దారి పట్టాడు.

అయినా చేను వదల్లేదు మనిషి. తక్కువ పురుగులు పెట్టాడు, ఎండ ముదరకముందే ఆకు మోశాడు, గోనెలు తడిపి ఆకు మీద కప్పాడు. శరత్ రెండు మూడుసార్లు ఇంటికి వచ్చి, మీ చేను కూడా మాకిస్తే మంచి రేటు ఇస్తామన్నాడు. "నా పానం పోయినంక రా" అని పంపించేశాడు. వానలు పడ్డాక వంక పాచి పట్టింది. ఒక పొద్దున దాసమ్మ మోపుతో సహా జారి రాళ్ళ మీద పడింది. తుంటి విరిగింది. వంకలో నుంచి ఆమెను పైకి తేవడానికి మంచం కావాల్సి వచ్చింది, మనుషులు కావాల్సి వచ్చింది. పిలిస్తే ఊరు వచ్చింది గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మోశారు. నొప్పికి ఆమె పెట్టిన కేకలు మంచం కోడు పట్టుకున్న గంగాధరప్ప చెవుల్లో నిలిచిపోయాయి.

శస్త్రచికిత్స చేశారు గానీ, ఆమె ఇక బరువులు ఎత్తకూడదన్నారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మర్నాడు గంగాధరప్ప శరత్‌కు ఫోను చేశాడు. బేరం ఆడలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర పెట్టేటప్పుడు మాత్రం, "ఆ తోట నరకకుండా ఉంచుకోరాదా?" అని అడిగాడు. "చూద్దాం అంకుల్," అన్నాడు శరత్.

తోట నరికేశారు. ఆ వెంటనే జేసీబీ దిగి, నరసింహులు చేను గట్టు వెంబడి నేల చదును చేసింది. కంకర పోశారు, సిమెంటు పోశారు. రెండు కార్లు ఎదురెదురుగా పోయేంత రోడ్డు, ఊరి రోడ్డు నుంచి గంగాధరప్ప చేను దాకా చక్కగా పడింది. ఇరుపక్కలా పూల మొక్కలు నాటారు. ప్లాట్లు కొనేవాళ్ళు ముందు దారి చూస్తారు కదా మరి.

దాసమ్మను చూడడానికి నరసింహులు ఊరికి వచ్చాడు. సాయంత్రం ఇద్దరూ అటు నడిచారు. గేటు తెరిచే ఉంది. కావలి మనిషి కూడా వీళ్ళను ఆపలేదు. నరసింహులు బావ మొహం చూడలేక, ఏదో ఒకటి అనాలని అన్నాడు.

"దా బావా, కొంచేపు అట్ల పోయొస్తాం. ఇప్పుడు దారి ఉండాది గదా."

గంగాధరప్ప కదల్లేదు.

"యాడికి?" అన్నాడు.