చెప్పులతోనే రండి

అమలాపురంలో మా టైల్స్ షాపుకి వచ్చేవాళ్ళంతా మాపోర్చే రంగు, అంటే మురికి కనబడనిది, చూపించమని నోటితో అడుగుతారు. ఒకావిడ మాత్రం చెప్పు విప్పి, వాన బురద అంటిన అరికాలు పలక మీద మోపింది. తర్వాత వంగి, ముద్ర పడిందో లేదో చూసింది. అలా పది రకాలు చూశాక, ముద్ర పూర్తిగా కలిసిపోయిన గోధుమరంగు చుక్కల పలక తీసుకుంది.

“కువైట్‌లో ఇరవై ఏళ్ళు వాళ్ళ తెల్ల మార్బుల్ తుడిచేనండీ. నా ఇంట్లో మాత్రం తడిగుడ్డ ముట్టుకోను.”

“ఏ మరకా కనబడదండీ, పూచీ నాది,” అన్నాను.

మరుసటి వానాకాలం, గుమ్మం దగ్గర పలక కదులుతోందని ఫోను చేసింది. రాజోలు దాటి వాళ్ళింటికి వెళ్ళాను. ఇంట్లో ఆవిడ ఒక్కతే, చేతిలో తడిగుడ్డ. నాలుగు కుర్చీల్లో మూడింటికి ప్లాస్టిక్ కవరు విప్పనే లేదు.

“మళ్ళీ ఇదేంటండీ?” అన్నాను.

“మట్టి ఉందో లేదో తెలియట్లేదండీ. అందుకని రెండు పూటలా తుడిచేస్తున్నాను.”

పలక తట్టి చూశాను. గట్టిగానే ఉంది. ఆ మాటే చెప్పాను.

“ఆయ్,” అంది తల దించుకుని. నేను చెప్పులు విప్పబోతే ఆపింది. “చెప్పులతోనే రండి, పర్లేదండీ.”

మొహమాటంగానే బురద చెప్పులతో లోపలికెళ్ళి, టీ తాగి బయల్దేరాను. గేటు దగ్గర వెనక్కి తిరిగితే, ఆవిడ షాపులో లాగే నేల మీదికి వంగి ఉంది. నా అడుగులు వెతుకుతోంది.

మా సరుకు మంచిది. ఒక్కటీ కనబడి ఉండదు.