కార్డు మీద అమ్మ

మా పనిలో ఒక పద్ధతి ఉంది. యాప్ ఎవరు వాడతారో ముందే ఊహించి, ఆ మనిషి వయసు, ఇల్లు, అలవాట్లు, భయాలు ఒక కార్డు మీద రాసి గోడకు పెట్టుకుంటాం. దాన్ని యూజర్ పర్సోనా అంటారు. ఏ బటన్ ఎక్కడ ఉండాలన్నా ఆ కార్డునే అడగాలి.

పోయినేడు ఇంటికి పాల ప్యాకెట్లు తెప్పించుకునే యాప్ పని ఒకటి వచ్చింది. కార్డు రాయడం నా వంతు. అరవై ఐదేళ్లు, చిలకలగూడ, ఫోన్ ముట్టుకుంటే ఏదో చెడిపోతుందని భయం. పెద్దగా ఊహించాల్సిన పనే పడలేదు. అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. వేలు గాల్లోనే ఆపేసి "ఇలా రావే, ఇదేదో అడుగుతోంది" అని పిలిచేది. కార్డు మీద ఉన్నది అమ్మేనని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. రేపు పాలు వద్దని నొక్కితే "నిజంగా వద్దా?" అని మూడుసార్లు అడిగేలా మాత్రం పెట్టించాను.

తయారయ్యాక నేనూ మేనేజరూ సీతాఫల్‌మండిలో ఒకావిడకు చూపించాం. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆవిడ చేతులు తుడుచుకుని టకటకా నొక్కింది. మూడో ప్రశ్నకు ఫోన్ కింద పెట్టేసింది.

"గిదేంది బిడ్డా, ఒక్క పాకెట్ వద్దంటే గిన్నిసార్లు అడుగుతది? మా అత్త సుత గింత సతాయించలె."

మేనేజరు నవ్వు ఆపుకోలేకపోయింది.

"మీకు ఫోనంటే భయం లేదా?" అన్నాను.

"నాకేం భయం! పైన పోర్షన్ల అక్కకు భయం. ఆమె నొక్కదు. జెర చూడవే అనుకుంట కిందికొస్తది, నేనే నొక్కుత. నాలుగిళ్ల పాలు నా ఫోన్ల నుంచే. ఇది గిట్ల అడుగుకుంట కూసుంటే నా వంట ఎప్పుడైతది?"

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేనేజరు అడిగింది. "ఆ కార్డు ఎవర్ని చూసి రాశావు?"

"మా అమ్మను."

"మరి ఆవిడ ఫోన్ ఎవరు నొక్కేవాళ్లు?"

"నేనే."

కార్డు మీద రాసినదంతా నిజమే. నొక్కే మనిషి మాత్రం అమ్మ కాదు. విసుక్కుంటూ వెళ్లి, ఆవిడ భుజం పక్కనుంచి నొక్కేసి వచ్చే నేను.

మర్నాడు మూడు ప్రశ్నలూ తీయించేశాను. ఏ ఇంటికి ఎన్ని ప్యాకెట్లో ఒకే తెర మీద కనిపించేలా మార్చాం. సీతాఫల్‌మండి ఆవిడను చూసి కొత్త కార్డు రాశాను. పాతది తీయబోతుంటే మేనేజరు "ఉండనీ" అంది.

"వద్దండీ. దీన్ని చూసి చేసే పని ఇంక లేదు" అని పిన్ను ఊడదీసి, కార్డు నా సంచిలో పెట్టుకున్నాను.